రాగి నేల మీద గోడ

మా సంస్థ పేరు చెప్పను. చెప్పినా మీరు విని ఉండరు. ఊరి చివర రెండంతస్తుల పాత భవనం, చుట్టూ సర్కారు తుమ్మ, గేటు మీద తుప్పు పట్టిన అక్షరాలు. ఆసుపత్రులకు ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచెయ్యడం మా పని. అవి పనిచేసేలా చూడటం ఇంకెవరిదో పని అని చాలాకాలం అనుకున్నాం. ఆ ఇంకెవరో ఎవరో తేలలేదు.

భవనం సంగతి ముందే చెప్పాలి. కింది అంతస్తులో పడమటి సగం అనలాగ్ విభాగానిది, తూర్పు సగం డిజిటల్ విభాగానిది. రెంటికీ మధ్య ఇటుక గోడ. పై అంతస్తులో మాత్రం ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకటే వరండా. రెండు చివర్లా మెట్లు. ఇటునుంచి అటు వెళ్ళాలంటే మెట్లెక్కి, పైన నడిచి, అవతల దిగాలి. రావాలన్నా అంతే.

ఆ గోడ భవనంతో పాటు కట్టింది కాదు. అనలాగ్ అధిపతి సీతాపతి గారూ, డిజిటల్ అధిపతి ఇంద్రసేనారెడ్డి గారూ ఒకప్పుడు ఒకే బల్ల మీద క్యారియర్లు విప్పుకుని, ఒకరి కూర ఒకరు తినేవారట. ఒక వార్షికోత్సవం నాడు గ్రూప్ ఫొటోకి ముందు వరసలో కుర్చీ ఒకటి తక్కువైంది. కూర్చున్నది ఇంద్రసేనారెడ్డి గారు. వెనక నిల్చున్న సీతాపతి గారి ముఖాన్ని డైరెక్టరు గది బయట వేలాడుతున్న ఆ ఫొటోలో ఇప్పటికీ చూడవచ్చు. ఆ ఏడాదే గోడ లేచింది. అప్పటినుంచి వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఒకరితో ఒకరు అనవలసిన మాటలు మాత్రం ఆగలేదు. టైపిస్టుల మీదుగా, కాంటీను మీదుగా, పెళ్ళిళ్ళలో కలిసిన భార్యల మీదుగా చుట్టూ తిరిగి చేరుతూనే ఉండేవి. చేరేసరికి మొదటి మాటకూ దానికీ పోలిక ఉండేది కాదు.

నేను పడమటి మెట్ల పక్కన రొద పరీక్షల గదిలో పనిచేస్తాను. మనుషుల రొద కాదు, యంత్రాలు గాల్లోకి వదిలే విద్యుత్తు రొద. గది గోడలకు రాగి వల, తలుపుకు రాగి రేకు. తలుపు వేస్తే లోపల రేడియో పలకదు, ఫోను మోగదు. ఈ గదిని నేను కోరి తీసుకున్నాను. మనిషి మనసు ఎలా పనిచేస్తుందో రాసిన పుస్తకాలు చదవడం నా అలవాటు. మనుషులు దగ్గర లేకపోతే ఆ విషయం తొందరగా బోధపడుతుంది. మా సంస్థలో పరీక్ష దాకా వచ్చే పరికరాలు అరుదు కనుక చదువు బాగానే సాగింది.

ఆ గది తలుపు తట్టే మనిషి ఒక్కరే, హైమవతి. పరికరాల్లోపలి సర్క్యూట్ బోర్డులు గీసే ఇంజనీరు. ఆ ఏడాది ఆమె గీసింది అప్పుడే పుట్టిన బిడ్డలకు చెవులు వినిపిస్తున్నాయో లేదో చెప్పే యంత్రం. బిడ్డ నిద్రపోతుండగా చెవిలో చిన్న టిక్కుమనే చప్పుడు చేస్తుంది. తల మీద అంటించిన బిళ్ళల ద్వారా మెదడు "విన్నాను" అందో లేదో చూస్తుంది. ఆ జవాబు ఎంత సన్నగా ఉంటుందంటే, యంత్రం తనలో తాను గొణుక్కున్నా అందులో కొట్టుకుపోతుంది. హైమ యంత్రం గొణగలేదు, కేకలు పెట్టింది. దాన్ని ఆన్ చేసినప్పుడల్లా కాంటీను నడిపే ముత్తయ్య కిటికీలో పెట్టుకున్న పాత రేడియో గర్రుమనేది. పరీక్షలో దాని లెక్కన మా స్టాఫ్ అందరూ పుట్టు చెవిటివాళ్ళు. కమిటీ మీటింగులు చూసినవాళ్ళకు అది తప్పనిపించలేదు గాని, పరీక్ష తప్పినట్టే రాశాం.

అలా రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ప్రాజెక్టు మూసేస్తారు. హైమను ప్రచురణల విభాగానికి పంపుతారు. అక్కడ పని, వచ్చిన అతిథుల పేర్లు బ్యానరు మీద తప్పుల్లేకుండా రాయించడం, పూలగుత్తులు తెప్పించడం.

తప్పు ఎక్కడుందో హైమకు తెలుసు. నాకూ తెలుసు. బోర్డు మీద రాగి గీతల్లో కరెంటు వెళుతుందని అందరూ ఎరుగుదురు. వెళ్ళినదంతా తిరిగి రావాలన్న సంగతి తలచుకునేవాళ్ళు తక్కువ. బోర్డు అడుగు పొరలో రాగి రేకు పరిచి ఉంటుంది, దాన్ని గ్రౌండ్ అంటారు. తిరుగు కరెంటు ఆ రాగి నేల మీదుగా ఇల్లు చేరుతుంది. నెమ్మదైన కరెంటు ఎటు సులువైతే అటు, నేలంతా పరుచుకుని వస్తుంది. వేగంగా మారే కరెంటుకు ఆ తీరిక లేదు. వెళ్ళిన గీతకు సరిగ్గా కిందనే, నీడలాగా, వెనక్కి వస్తుంది. ఆ కింద నేల తెగి ఉంటే ఆగిపోదు. తెగిన చోటు చుట్టూ పెద్ద ప్రదక్షిణ చేసి వస్తుంది. ఆ ప్రదక్షిణే ఊరంతా వినబడే రొద.

హైమ బోర్డులో నేల తెగి ఉంది. తెంపింది హైమ కాదు, కమిటీ.

"మా గ్రౌండ్ మాది," అన్నారు బోర్డు గీయడానికి ముందు జరిగిన మీటింగులో సీతాపతి గారు, డైరెక్టరు వైపు తిరిగి. "వాళ్ళ డిజిటల్ చెత్తంతా తెచ్చి మా నేల మీద పారబోస్తామంటే చూస్తూ ఊరుకోను."

"మాకేమన్న వాళ్ళ గ్రౌండ్ మీద కాలు పెట్టాలని మోజా?" అన్నారు ఇంద్రసేనారెడ్డి గారు, ఆయనా డైరెక్టరు వైపే తిరిగి. "నడుమల గీత కొట్టి తెంపెయ్యండి. పీడా పోతది."

"గ్రౌండ్ తెంపినా పైన గీతలు అటూ ఇటూ దాటుతూనే ఉంటాయి కదా సార్," అంది హైమ. "వాటి కరెంటు వెనక్కి ఎలా వస్తుంది?"

"వెళ్ళేటప్పుడు మమ్మల్ని అడిగి వెళ్ళిందామ్మా?" అన్నారు సీతాపతి గారు.

"లేదు సార్."

"మరి వచ్చేటప్పుడు మాకెందుకు చెప్తున్నావ్?"

ఇద్దరు అధిపతులూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారి కావడంతో డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. మీటింగు తీర్మానంలో ఇలా రాశారు: "తిరుగు కరెంటు తన ఏర్పాట్లు తానే చేసుకోవలెను."

రెండో పరీక్ష తప్పాక డైరెక్టరు డాక్టర్ విరూపాక్షరావు గారు నన్ను పిలిపించారు. ఆయన మంచివారు. ఏడాదికొక సెమినారుకు వెళ్ళి, అక్కడ విన్నదాన్ని ఏడాది పొడుగునా మా మీద ప్రయోగించేవారు. ఆ ముందటి ఏడాది, కళ్ళు మూసుకుంటే ఆలోచనలు పెరుగుతాయని విని వచ్చి మధ్యాహ్నం మీటింగులన్నీ కళ్ళు మూసుకుని జరిపించారు. హాజరు బాగా పెరిగింది.

నేను ఆయనకు హైమ బోర్డు చూపించి, తిరుగు కరెంటు గురించి వివరించాను. ఆయన మెల్లగా కుర్చీలోంచి లేచారు.

"నరహరి గారూ, మళ్ళీ చెప్పండి. వెళ్ళినది తిరిగి రావాలి."

"అవును సార్."

"వెళ్ళిన దారికి సరిగ్గా కింద."

"అవును సార్. ఈ బోర్డులో ఇదిగో, ఈ చీలిక దగ్గర—"

"బోర్డు వదిలెయ్యండి!" కిటికీ దగ్గరికి నడిచారు. "చూడండి. ఈ సంస్థలో ప్రతివాడికీ వెళ్ళడం తెలుసు. టీకి వెళ్తాడు, స్టోర్స్‌కి వెళ్తాడు, బ్యాంకుకి వెళ్తాడు. తిరిగి రావడానికి ఒక విధానం ఉందా? ఒక దృక్పథం ఉందా? ఇన్నాళ్ళూ మనం సంస్థను సగమే నడిపించాం నరహరి గారూ. వెళ్ళే సగం!"

నేను వేలు ఇంకా బోర్డు చీలిక మీదే పెట్టి ఉంచాను. ఒక మనసు ఏదో చూశానని సంతోషపడ్డాక, మనం చూపించింది దాన్ని కాదని చెప్పడం చాలా కష్టం.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయడమేమనగా, పై వరండా మీదుగా వెళ్ళిన ప్రతి ఉద్యోగీ తాను వెళ్ళిన మార్గమునకు సరిగ్గా దిగువన, కింది అంతస్తు మీదుగానే తిరిగి రావలెను. సంస్థ ఆవరణలో తిరుగు మార్గమునకు ఎక్కడ ఏ అడ్డు ఉన్నను తొలగించవలెను. అడ్డు పెట్టినవారు ఎంతటివారైనను చర్యకు పాత్రులగుదురు."

హైమ దాన్ని రెండుసార్లు చదివింది. "అయితే గోడ కొట్టేస్తారా సార్?" అంది ఆశగా.

సాయంత్రానికే రెండు విభాగాల నుంచీ వేర్వేరు కాగితాల మీద ఒకే మాట వచ్చింది: గోడ అడ్డు కాదు, సరిహద్దు. డైరెక్టరు గారు అంగీకరించి వివరణ జారీ చేశారు: "ఇటుకతో కట్టిన సరిహద్దులు అడ్డు నిర్వచనంలోకి రావు."

ఇక నడక మొదలైంది. అనలాగ్ నుంచి డిజిటల్‌కు ఫైలు పట్టుకెళ్ళినవాడు పైన హాయిగా నడిచి వెళ్ళి, తూర్పు మెట్లు దిగి, తిరుగుముఖం పట్టి, కింద గోడ దాకా వచ్చేవాడు. ఉత్తర్వును గౌరవించినందుకు గుర్తుగా గోడను చేత్తో ముట్టుకునేవాడు. తరవాత వెనక తలుపులోంచి బయటపడి, స్కూటర్ల స్టాండు దాటి, కాంటీను పెరట్లోంచి చుట్టూ తిరిగి ఇటువైపు వచ్చేవాడు. కాంటీను పక్కనుంచి వెళ్తూ టీ తాగకపోవడం మానవ స్వభావం కాదు. వారం తిరక్కుండా ముత్తయ్య రెండో పొయ్యి పెట్టాడు. గోడకు తెల్లసున్నం మీద నడుమెత్తున చేతిముద్రల చారిక ఒకటి ఏర్పడింది.

ఇంద్రసేనారెడ్డి గారు ఫిజిక్స్ చదువుకున్నవారు. ఆయన తరవాతి మీటింగులో లేచి, "సరిగ్గా కింది నుంచి వచ్చేది ఫాస్ట్ కరెంటు ఒక్కటే. స్లో కరెంటు ఎట్లనన్న రావచ్చు. ఉత్తర్వులో ఈ ముచ్చట లేదు," అని అభ్యంతరం లేవదీశారు. డైరెక్టరు గారు పొంగిపోయారు. ఉద్యోగులు తాము ఫాస్టో స్లోనో రాసివ్వాలని, స్లో వారికి నియమాలేవీ వర్తించవని సవరణ వచ్చింది. గుమాస్తాలంతా మూకుమ్మడిగా స్లో రాశారు. స్లో వారిని ప్రమోషన్లకు పరిశీలించబోమని మరుసటి సవరణ వచ్చింది. గుమాస్తాలంతా మూకుమ్మడిగా ఫాస్ట్ అయ్యారు.

సీతాపతి గారికి రెండు మోకాళ్ళకూ పట్టీలు. గోడ పట్టుకుని నడుస్తారు. "ఇంద్రసేనారెడ్డి ఫాస్టూ నేను స్లోనూనా?" అని ఆయన పెన్ను విరిగేంత గట్టిగా ఫాస్ట్ రాశారు. ఆ తరవాత ఒక చిన్న సంతకం కోసం పై అంతస్తులో డైరెక్టరు దగ్గరకు వెళ్ళిన రోజున, తిరుగుదారిలో స్కూటర్ల స్టాండు దాకా వచ్చి, ఎవరిదో స్కూటరు మీద కూర్చుండిపోయారు. స్కూటరు తాలూకు మనిషి ఇంటికి వెళ్ళాలని పక్కన నిలబడి ఉన్నాడు గాని, అధిపతిని లెమ్మనే ధైర్యం అతనికి లేదు.

చివరికి సంస్థ మొత్తంలో స్లోగా మిగిలింది ముగ్గురం. నేను, గేటు దగ్గరి సెక్యూరిటీ యాదగిరి, హైమ.

"నీకు ప్రమోషన్ వద్దా?" అని అడిగాను ఆమెను.

"నాకెలాగూ పూలగుత్తులే కదా సార్," అంది.

తరవాతి ఘట్టంలో నా పాత్ర ఉంది. సాంకేతికంగా సరైన జవాబు ఇవ్వకుండా ఉండలేకపోవడం నా మనసులో ఒక మొండి మూల. డైరెక్టరు గారు ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి, "బోర్డులో గీత ఒక పొర నుంచి ఇంకో పొరకు మారితే ఏం చేస్తారు?" అని అడిగారు. "దాని పక్కనే తిరుగు కరెంటుకు కూడా పొర మారే దారి ఇవ్వాలి సార్," అన్నాను. ఆయన మెట్లను ఒకసారి పైనుంచి కింద దాకా చూశారు. అప్పటికే ఆలస్యమైంది.

"ఒక ఉద్యోగి మెట్లెక్కునపుడు మరొక ఉద్యోగి అదే సమయమున పక్కనే దిగవలెను. జత లేనిదే ఎవరూ అంతస్తు మారరాదు."

తూర్పు మెట్లకొక మనిషిని పెట్టి, యాదగిరికి ఈల ఇచ్చి పడమటి మెట్ల మొదట్లో నిలబెట్టారు. అతను ఒకప్పుడు షేర్ ఆటో నడిపినవాడు. తొందర్లోనే ఆ పాత గొంతు తిరిగొచ్చింది.

"దిగేటోళ్ళు ఒక్కరు! ఒక్కరు! ఎక్కెటోళ్ళు రెడీ ఉన్నరు! జల్దీ రావాలె, ఒక్కరు!"

పైన నిలబడ్డవాళ్ళు కిందికి, కింద నిలబడ్డవాళ్ళు పైకి ఆశగా చూస్తూ గంటలు గడిపేవారు. ఎవరికి వాళ్ళు కుదిరిన జతలు ఏర్పరచుకున్నారు. స్టోర్స్ గుమాస్తా ఎక్కే వేళకు అకౌంట్స్ టైపిస్టు దిగేది. శ్రావణంలో వాళ్ళ పెళ్ళి. డైరెక్టరు గారు అక్షింతలు వేసి, పాలసీ ఫలితాల నివేదికలో ఆ పెళ్ళిని మొదటి అంశంగా చేర్చారు.

ఇంతలో కాంటీను రొద డైరెక్టరు గదిలోకే వినబడసాగింది. గోడలో తలుపు పెడితే ఈ తిరుగుడంతా ఆగిపోతుందని ఒక కుర్ర గుమాస్తా అన్నాడట. అతన్ని ఆడిట్‌కు మార్చారు. కమిటీ కూర్చుని, రొద వచ్చే చోటును లోహంతో కప్పాలని శాస్త్రోక్తంగా తేల్చింది. సంస్థలో రాగి రేకు ఉన్నది నా గదిలోనే. ఇద్దరు కూలీలు వచ్చి నా తలుపు ఊడదీసి, గోడల వల చుట్టచుట్టి పట్టుకెళ్ళి కాంటీనుకు బిగించారు. రాగి లోపల రేడియో పలకక ముత్తయ్య దాన్ని కిటికీ బయటి అంచు మీదికి మార్చుకున్నాడు. రొద ఏమాత్రం తగ్గలేదు. నా గదిలో మాత్రం పెరిగింది.

తలుపు లేని గదిలో కూర్చోవడం చొక్కా లేకుండా బజారులో కూర్చున్నట్టుంది. చుట్టుదారిలో వెళ్ళేవాళ్ళు తొంగిచూసి ఆగేవారు.

"నరహరి గారా! ఇక్కడే ఉన్నారా సార్? రిటైరయ్యారనుకున్నాం!"

ఒకాయన నాకు సంతాప సభ జరిగినట్టు కూడా గుర్తు చేసుకున్నాడు. నేను కాదని చెప్పాను. ఆయన పూర్తిగా నమ్మలేదు. ఇన్నేళ్ళు రాగి వెనక కూర్చుని మనుషుల్ని అర్థం చేసుకుంటున్నానని అనుకున్నాను. మనుషులు అంతకాలంగా నన్ను చనిపోయినవాళ్ళ కింద జమకట్టేశారు. రెంటిలో వాళ్ళ పరిశీలనే మెరుగ్గా ఉంది.

మూడో పరీక్ష రోజు రానే వచ్చింది. రాజధాని నుంచి వకుళ గారనే పరీక్షకురాలు వస్తున్నారు. డైరెక్టరు గారు ఊళ్ళో లేరు. తిరుగు మార్గ విధానం గురించి ఉపన్యసించడానికి ఢిల్లీ వెళ్ళారు. పొద్దున్నే హైమ నా గదికి వచ్చింది. ఒక చేతిలో బోర్డు, ఇంకో చేతిలో టంకం వేసే సోల్డరింగ్ ఐరన్, చంకలో రాగి పట్టీ చుట్ట. ముఖం రాత్రంతా ఏడ్చి, తెల్లారి మానేసినట్టుంది.

"సార్, ఉత్తర్వు ఇంకోసారి చదవండి," అంది.

చదివాను. "'సంస్థ ఆవరణలో తిరుగు మార్గమునకు ఎక్కడ ఏ అడ్డు ఉన్నను తొలగించవలెను.'"

"ఈ బోర్డు సంస్థ ఆవరణలో ఉందా?"

"ఉంది."

"అడ్డు ఉందా?"

"ఉంది. కానీ సరిహద్దులకు మినహాయింపు ఇచ్చారు కదమ్మా."

"ఇటుకతో కట్టిన సరిహద్దులకి," అంది హైమ. "ఇందులో ఇటుకలు ఎక్కడున్నాయో చూపించండి సార్."

బోర్డును వెలుతురులో పెట్టి చూశాను. ఇటుకలు లేవు.

హైమ చీలికకు రెండు వైపులా ఆకుపచ్చ పూత గీకింది. కింద రాగి ఎర్రగా బయటపడింది. గీతలు దాటే చోటంతా కప్పేలా పట్టీ పరిచి, అంచుల వెంట టంకం పోసింది. పొగ నా ముఖం మీదికి వచ్చింది. విడిపోయిన రెండు నేలలు ఎంత మామూలుగా కలిసిపోయాయంటే, ఎప్పుడైనా విడిగా ఉన్నాయా అని అనుమానం వచ్చింది.

ఇది తలుపు లేని గది. చుట్టుదారిలో వెళ్తున్న ఒక టైపిస్టు చూసింది. మాట గోడ దాకా వెళ్ళింది, స్కూటర్ల స్టాండు తిరిగింది, కాంటీనులో టీ తాగింది, మెట్ల దగ్గర జత కోసం ఆగింది, పైకి ఎక్కింది. అతిథి కోసం ఎదురుచూస్తూ పైన డైరెక్టరు గది ముందు కూర్చున్న ఇద్దరు అధిపతుల చెవిన పడేసరికి, వకుళ గారు గేటులోంచి నేరుగా నా గదికి వచ్చి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

"గ్రౌండ్లు కలిపేసిందా! ఆపండి! పరీక్ష ఆపండి!"

పడమటి మెట్ల పైనుంచి సీతాపతి గారి గొంతు. దాని వెనకే ఇంద్రసేనారెడ్డి గారిది. ఆ వెంటనే యాదగిరి ఈల.

"ఆగుండ్రి సార్! కింది నుంచి ఇద్దరు ఎక్కాలె. ఎక్కంగనే మీరు దిగుడే."

"యాదగిరీ, తప్పుకో! అర్జెంటు!"

"తప్పుకుంట సార్. ఎక్కెటోళ్ళు ఇద్దరు! ఇద్దరు!" అని కేకేశాడు. కింద మెట్ల దగ్గర ఎవరూ లేరు. అందరూ కాంటీనులో ఉన్నారు.

"మేం విభాగాధిపతులం రా!"

"తెల్సు సార్. అందుకే మీరు ఫాస్ట్ రాసిచ్చిన్రు. ఈ రూలు ఫాస్టోళ్ళకే. స్లో అని ఒక్క ముక్క చెప్పుండ్రి, ఇప్పుడే దిగుండ్రి. నేనేం అంట?"

తలుపు లేని గదిలోంచి నాకు అంతా వినబడుతోంది. హైమ చెయ్యి స్విచ్ మీద ఆగిపోయింది.

"మీరు దిగండి," అన్నారు సీతాపతి గారు. ఆ 'మీరు' ఇంద్రసేనారెడ్డి గారిని ఉద్దేశించినదని అర్థం కావడానికి నాకు కొంచెం సమయం పట్టింది. గోడ లేచాక ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది.

"నేనెందుకు దిగుత? పట్టీలు మీ మోకాళ్ళకున్నయి. స్లో మీరే."

"నా మోకాళ్ళ జోలికి రాకండి. నేను ఫాస్ట్."

"నేనూ ఫాస్టే."

"అయితే ఇద్దరం ఫాస్ట్‌గా ఇక్కడే నిలబడదాం."

హైమ స్విచ్ వేసింది. బోర్డు మీద పచ్చ దీపం వెలిగింది. కాంటీను కిటికీలో రేడియో మిరప తోటలో బొబ్బర తెగులు గురించి చెబుతోంది. చెబుతూనే ఉంది. గర్రుమనలేదు.

పైనుంచి సీతాపతి గారి గొంతు కాస్త నెమ్మదించింది. "విన్నారా? రేడియో పలుకుతోంది. అంటే బోర్డు ఇంకా ఆన్ చెయ్యలేదన్నమాట."

"ఔ. టైముంది మనకు," అన్నారు ఇంద్రసేనారెడ్డి గారు. ఇద్దరూ పై మెట్టు మీద కూర్చున్న చప్పుడు వినిపించింది.

వకుళ గారు మీటరు ముందు వంగారు. "ఆన్ చెయ్యండమ్మా."

"ఆన్‌లోనే ఉంది మేడమ్."

ఆమె నమ్మలేదు. స్విచ్ తానే ఆపి, తానే వేశారు. ముల్లు కదల్లేదు. తలుపు ఉండవలసిన చోటికేసి ఒకసారి చూశారు. "ఈ గదికి తలుపేది?"

"కాంటీనులో ఉంది మేడమ్," అన్నాను.

"తలుపు లేకుండానే ఇంత నిశ్శబ్దమా! సరే, వింటుందో లేదో చూడాలి. తల ఎవరిస్తారు?"

హైమ నావైపు చూసింది. నా తల మీద చల్లని బిళ్ళలు అంటించారు. చెవిలో గొట్టం పెట్టారు. కళ్ళు మూసుకున్నాను. టిక్. టిక్. టిక్. నా మెదడు ఎవరికైనా జవాబు చెప్పి చాలాకాలమైంది. చెప్పకపోతే బోర్డు పోతుంది, హైమ పోతుంది. లోపల వెతుక్కున్నాను, చెప్పగల మనిషి ఎవరైనా ఉన్నాడా అని. పరీక్షలంటే నాకు ఇంత భయమని అప్పటిదాకా తెలియదు.

"చాలా స్పష్టంగా వస్తోందే," అన్నారు వకుళ గారు. "ఈయన బాగా వింటున్నారు."

కళ్ళు తెరిచాను. తెర మీద ఒక చిన్న అల. సన్నగా, మొహమాటంగా, పదే పదే లేస్తోంది. నాదే.

హైమ గోడకు ఆనుకుని, చున్నీ కొంగుతో సోల్డరింగ్ ఐరన్ తుడిచింది. అది ఇంకా వేడిగా ఉంది, చున్నీ కాలింది. ఆమె పట్టించుకోలేదు.

వకుళ గారు ఉత్తీర్ణమని రాసి, సంతకం చేసి, ఒక ప్రతి హైమ చేతికిచ్చి, ఇంకో ప్రతి సంచిలో పెట్టుకున్నారు. బయటికి వస్తూ మెట్ల దగ్గర ఆగి పైకి చూశారు.

"వాళ్ళెవరు?"

"మా హెచ్ఓడీలు మేడమ్," అన్నాడు యాదగిరి.

"ఏం చేస్తున్నారు?"

"తిరుగు మార్గం కోసం చూస్తున్నరు."

ప్రభుత్వంలో చాలాకాలం పనిచేసిన మనిషి కనుక ఆమె తలూపి వెళ్ళిపోయారు.

నేనూ హైమా మెట్ల పక్కన నిలబడ్డాం. పైన మాటలు సాగుతున్నాయి.

"ఆ కుర్చీ నీ కోసమే పట్టి ఉంచిన. నువ్వు రాకపోతివి. ఫొటో ఆయన తొందర పెట్టె. కూసున్న."

"టై కట్టుకోవడం రాక ఆలస్యమైంది. ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదయ్యా!"

"ఎట్ల చెప్త? తెల్లారేసరికి గోడ కట్టిస్తివి."

"నేనెక్కడ కట్టించాను? నువ్వు కట్టించావనుకున్నాను!"

తరవాత రేడియోలో వాతావరణం మొదలైంది.

"మనిద్దరం ఎక్కితే వాళ్ళిద్దరూ దిగొచ్చు కదా సార్?" అంది హైమ మెల్లగా.

"దిగొచ్చు."

యాదగిరి ఈల నోట్లో పెట్టుకుని మా ఇద్దరి కేసీ ఆశగా చూశాడు. హైమ చేతిలోని కాగితాన్ని ఒకసారి విప్పి చూసుకుని, మళ్ళీ మడిచింది.

"ముందు టీ తాగుదాం సార్," అంది.

నడిచాం. గది తలుపు వేద్దామని అలవాటుగా వెనక్కి తిరిగాను. అది కాంటీనులో ఉందని గుర్తొచ్చింది. మేమూ అక్కడికే వెళ్తున్నాం.

"వచ్చేటప్పుడు ఎటునుంచి వద్దాం?" అని అడిగింది హైమ.

"మనం స్లో కదమ్మా," అన్నాను. "ఎటునుంచైనా రావచ్చు."